పాలు తప్ప ఏమీ పెట్టలేదు

చిన్నప్పుడు నాకు వస ఎక్కువ పోశారు. ఇది నా మాట కాదు, మా వీధి వీధంతా అనే మాట. రాయచూరు బజారులో మా నాన్నకు స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బడి వదిలాక నేను అక్కడ కూర్చుంటే, గిన్నె కొనడానికి వచ్చినవాళ్ళు గిన్నె సంగతి మర్చిపోయి నా కబుర్లు విని ఇంటికి పోయేవాళ్ళు. "ఏందయ్యా, ఈ పొల్లకు వస నాలిక మీద రాసిన్రా, గ్లాసుల పోసి తాపిన్రా?" అని పక్క దుకాణం సేటు మా నాన్నను అడిగేవాడు. పసిపిల్లలకు మాటలు బాగా రావాలని వసకొమ్మును సానరాయి మీద అరగదీసి నాలుక మీద రాస్తారు కదా, అందులో మా అమ్మ చెయ్యి కాస్త జారిందని అందరి నమ్మకం. అమ్మ సిగ్గుపడేది. నేనెప్పుడూ పడలేదు.

అలాంటి వసపిట్టకు దొరికిన ఉద్యోగం ఏమిటంటే, రహస్యాలు దాచడం.

హెచ్ఐవి ఉన్న గర్భిణుల మీద, వాళ్ళకు పుట్టే పిల్లల మీద జరిగే ఒక పరిశోధనలో నేను ఫారాలు నింపే మనిషిని. మా ఆఫీసంటే ఆస్పత్రిలో పసిపిల్లల బరువు చూసే గది పక్కన ఇంకో చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తుప్పు పట్టిన బీరువా. బీరువాకు తాళం మాత్రం కొత్తది, చాలా గట్టిది. తల్లి రోజూ మాత్ర వేసుకుని, బిడ్డకు మొదటి ఆరు వారాలు మందు పోసి, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా ఉంటే, వైరస్ బిడ్డ దాకా రాకుండా దాదాపుగా ఆపేయవచ్చు. ఇది ప్రపంచానికి ముందే తెలుసు. కానీ మా జిల్లా ఇళ్ళల్లో ఇదంతా నిజంగా ఎంతవరకు జరుగుతోంది, ఎక్కడ జారిపోతోంది అన్నది ఎవరికీ తెలియదు. అది కనుక్కోవడమే మా పని. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా తల్లి వెంట తిరగాలి. ప్రశ్నలడగాలి, రాసుకోవాలి, నోరు మూసుకోవాలి. నోరు జారితే నా ఉద్యోగం పోతుంది, పోతే పోనీ. కానీ ఒక ఆడపిల్ల కాపురం కూడా పోతుంది.

మా అమ్మ బంధువులకు "మా అమ్మాయి ఆస్పత్రిలో పిల్లల్ని తూకం వేస్తుంది" అని చెప్పుకునేది. చెప్పుకోనీ అని ఊరుకున్నాను. అంతకంటే పెద్ద అబద్ధాలు నేను రోజూ ఆడుతున్నాను.

ఇక ఆ ఫారం సంగతి చెప్పాలి. అది ఇంగ్లీషులో పుట్టి, బెంగళూరులో కన్నడం అయి, అక్కడే ఎవరో పంతులుగారి చేతిలో తెలుగు అయింది. అందులో పద్నాలుగో ప్రశ్న ఇది: "గత ఇరువది నాలుగు గంటలలో శిశువునకు తల్లిపాలు మినహా ఏదేని ఘన లేక ద్రవ ఆహారము ఇవ్వబడినదా?" మొదటిసారి నేను దాన్ని చంద్రబండ నుంచి వచ్చిన ఒకామె ముందు ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, "ఇది ఏ ఊరి మాటమ్మా?" అని అడిగింది. ఆ రోజు నుంచి పంతులుగారిని పక్కన పెట్టి నా మాటలో అడగడం మొదలుపెట్టాను.

"పాలు గాక ఇంకేమన్న పెట్టిన్రా?"

"ఏం పెట్టలేదమ్మా. పాలే."

టిక్కు. తర్వాతి తల్లి. "ఏం పెట్టలే." టిక్కు. కన్నడం ఇళ్ళల్లో కన్నడంలో, తురకం ఇళ్ళల్లో ఉర్దూలో అడిగినా అదే జవాబు, అదే టిక్కు. బెంగళూరు నుంచి నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరమ్మ, మేడం అంటాం ఆమెను, నా ఫారాలు చూసి, "మీ ఊరి తల్లులు బంగారం. ఇంత నిష్ఠగా ఎక్కడా చూడలేదు" అని మెచ్చుకుంది. మెచ్చుకోలు నేను తీసుకున్నాను. నేనే నిష్ఠగా ఉన్నట్టు నాలుగు రోజులు తలెత్తుకు తిరిగాను కూడా.

ఇంతలో ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. మా బజారులోనే ఒక దుకాణదారుల ఇంటి కోడలు. ఏడో నెలలో గానీ పరీక్ష చేయించుకోలేదు. తనకూ ఉందని తేలింది, తర్వాత భర్తకూ తేలింది. ఇద్దరూ మా గదిలో ఆ రెండు కుర్చీల్లో కూర్చుని, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, గోడమీది టీకాల పటం వైపు చూస్తూ విన్నారు. అత్తగారింట్లో తెలియకూడదు, పుట్టింట్లో తెలియకూడదు. మాత్రలు ఆ రోజే మొదలుపెట్టారు. అయితే కాన్పుకు ఇక రెండు నెలలే ఉంది. మాత్రలు ఒంట్లో వైరస్‌ను అణచడానికి వ్యవధి కావాలి. ఈ బిడ్డకు అందరికంటే భయం ఎక్కువన్న సంగతి నాకు మొదటిరోజే తెలుసు. ఆ అమ్మాయికీ తెలుసు. "అక్కా, నాకేమన్న గానీ, దానికి రావద్దు" అంది. పుట్టేది ఆడపిల్లే అని అప్పటికే తీర్మానించుకుంది. అలాగే పుట్టింది.

కాన్పు సిరవారలో, పుట్టింట్లో. పుట్టిల్లంటే తల్లి లేదు, తల్లిని కన్న అవ్వ ఉంది. ఆమే ఈ అమ్మాయిని పెంచింది. అవ్వ చిన్న కొడుకు కిరాణా దుకాణం చూసుకుంటాడు, అతని భార్య ఇల్లు చూసుకుంటుంది, అవ్వ అందరినీ చూసుకుంటుంది. అలాంటి ఇంటికి నేను ఏ పేరున వెళ్ళాలి? ఆస్పత్రి మనిషినని చెప్తే ఎందుకొచ్చిందని అడుగుతారు. అందుకని ఆ అమ్మాయికి రాయచూరులో కలిసి చదువుకున్న స్నేహితురాలినని చెప్పుకుని వెళ్ళాను. ఈ గొప్ప ఆలోచన నాదే. నాకప్పటికి ముప్పై ఆరేళ్ళు.

అవ్వ నన్ను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసింది.

"మా పొల్లా నువ్వూ ఒక్క తరగతా?"

"అవునవ్వా."

"ఎన్ని సార్లు తప్పినవే?"

ఏం చెప్పను? "నాలుగైదు సార్లు" అన్నాను. అంతే, ఆ ఇంట్లో నా పేరు తప్పిన పొల్ల అయిపోయింది. "తప్పిన పొల్ల వచ్చింది, చాయ్ పెట్టు" అని అవ్వ లోపలికి కేకేసేది. పైగా ఆ అమ్మాయి మాటిమాటికీ మర్చిపోయి నన్ను అక్కా అనేది. తరగతిలో నా వయసు చూసి అందరూ గౌరవంగా అక్కా అనేవాళ్ళని అవ్వకు నేనే సర్దిచెప్పాను. నా డిగ్రీ సర్టిఫికెట్లు మా ఇంటి బీరువాలో సిగ్గుతో చచ్చి ఉంటాయి.

ఆ మొదటిసారి పాపకు వారం రోజులు. పసిగుడ్డుకు రోజూ పోయాల్సిన మందును బలం మందు అని చెప్పి, విటమిన్ సీసాలో పోసి ఉంచాం. "అవ్వ పొద్దుగాల లేవంగనే బలం మందు పోసినవా అని మొత్తుకుంటదక్కా. నేను మరిచినా ఆమె మరవదు" అంది అమ్మాయి. మంచిదే కదా అని రాసుకున్నాను. గోడమీద దండ వేసిన ఫొటో ఒకటుంటే చూస్తూ నిలబడ్డాను. "మా బావ. కామెర్లయి పోయిండు, చిన్న వయసుల" అని ఆ ఇంటి కోడలు, చిన్న కొడుకు భార్య, చెప్పబోతుంటే అవ్వ, "చాయ్ సల్లారిపోతుంది, ఫొటోలెందుకిప్పుడు" అని ఇద్దరినీ అక్కణ్ణుంచి తరిమేసింది.

రెండోసారి వెళ్ళేసరికి పాపకు ఇరవై రోజులు. వెనక వరండాలో అప్పుడే నీళ్ళు పోయడం అయింది. అవ్వ కాళ్ళు చాచుకుని, పాపను కాళ్ళమీద పడుకోబెట్టుకుని, సాంబ్రాణి పొగ వేసి, పక్కన సానరాయి పెట్టుకుంది. నేను ఈ పక్కన అమ్మాయితో గొంతు తగ్గించి నా పద్నాలుగో ప్రశ్న అడుగుతున్నాను.

"పాలు గాక ఇంకేమన్న పెట్టిన్రా?"

"ఏం పెట్టలేదక్కా."

టిక్కు పెట్టాను. తలెత్తేసరికి అవ్వ కాల్చిన వసకొమ్మును రాయి మీద అరగదీసి, రెండు చుక్కల పాలతో రంగరించి, చిటికెన వేలితో తీసి పాప నాలుక మీద రాస్తోంది. పాప మొహం వంకరపెట్టి చప్పరించింది. నేను ఆ వేలిని చూశాను. ఫారం మీద టిక్కును చూశాను. మళ్ళీ వేలిని చూశాను.

"అదేంది?" అన్నాను మెల్లగా.

"ఏది?"

"అవ్వ పెడుతున్నది."

"వస గదక్కా."

"ఇప్పుడే కదా ఏం పెట్టలేదన్నావ్!"

ఆ అమ్మాయి నా వైపు నిజంగానే అర్థం కానట్టు చూసింది. "వస పెట్టుడెట్లయితదక్కా? అది తిండా ఏమన్ననా? వస వసనే. పురుడు కడిగిన పదకొండో దినం సంది రాస్తుంది."

ఆమె అబద్ధం చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఏ తల్లీ నాతో అబద్ధం చెప్పలేదు. వస పెట్టడం కిందికి రాదు. కన్నడం ఇళ్ళల్లో బజె అంటారు దాన్ని, అదీ రాదు. తురకం ఇళ్ళల్లో ఘుట్టీ, అదీ రాదు. అవి తిండి కావు, పిల్లను మనిషిని చేసే పనులు. తల దువ్వడం, దిష్టి తీయడం ఎలాగో ఇదీ అలాగే. ఇంతకీ వాళ్ళననడానికి నేనెవరిని? వస తాగి పెరిగి, వసపిట్ట అని పేరు తెచ్చుకుని, ఎన్నో ఇళ్ళల్లో సానరాయి పక్కనే కూర్చుని ఆ ప్రశ్న అడిగి టిక్కులు పెట్టుకుంటూ వచ్చిన మనిషిని. నాకూ ఒక్కసారి తట్టలేదు. బెంగళూరు మనిషైతే మొదటి రోజే ఇదేంటి అని అడిగి ఉండేది. ఊరిదాన్ని కాబట్టే నాకు కనిపించలేదు.

అమ్మాయిని నీళ్ళ తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి చెప్పాను. పసిబిడ్డ పేగు లోపలి పొర చాలా లేతగా ఉంటుంది, ఒట్టి తల్లిపాలైతే దాన్ని కాపాడతాయి, పాలతో పాటు ఘాటైనదో శుభ్రం లేనిదో పడితే ఆ పొర ఒరుసుకుని, పాలలో ఇంకా మిగిలున్న వైరస్‌కు దారి దొరకవచ్చు అని. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నేనెట్ల ఆపమంటనక్కా? ఈ ఇంట్ల వస ఆపిన పిల్ల ఎవరు లేరు. ఎందుకని అవ్వ అడుగుతది, ఈ ఇంటి అత్త అడుగుతది. ఏం చెప్పాలె?"

"నేను చెప్తాను చూడు" అని బయల్దేరాను. నా నోటిమీద నాకు అంత నమ్మకం.

"అవ్వా, ఈ మధ్య బజార్లో వసంతా కల్తీ. రంగు వేస్తున్నారు. పిల్లలకు రాయొద్దంటున్నారు" అన్నాను.

అవ్వ చెయ్యి ఆగింది. "ఏ దుకాణంల కొన్నమనుకున్నవే?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. వీళ్ళది కిరాణా దుకాణం.

"నా మొగడు పెట్టిన దుకాణం. ఇంత పేరున్న దుకాణం. మా సరుకు కల్తీ అంటవా? చదువు రాకపాయె, బుద్ధి గూడ రాకపాయెనా నీకు?"

కోడలు చేతిలో గరిటెతో లోపల్నుంచి వచ్చింది. "ఎవరు, ఎవరు కల్తీ అన్నది?" నేను సర్దబోతే ఇంకా పెంట అయింది. వాళ్ళిద్దరి వెనకాల ఆ అమ్మాయి చేతులు పిసుక్కుంటూ నిలబడింది. అవ్వ ఆ గొడవలోనే ఇంకోసారి వేలు ముంచి పాప నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. నాకు ఏమైందో తెలియదు, ఏడుపొచ్చేసింది. ముప్పై ఆరేళ్ళ మనిషిని, ఎవరింట్లోనో వెనక వరండాలో నిలబడి ముక్కు చీదుతూ ఏడ్చాను. అవ్వ వేలు అలాగే గాలిలో పెట్టుకుని నావైపు చాలాసేపు చూసింది.

"సుమ్నె కూసో" అంది చివరికి, ఊరుకుని కూర్చోమని, సగం కన్నడంలో, కాస్త మెత్తగా. "నీళ్ళు తాగి పో."

తాగి పోయాను. సిరవార బస్టాండులో రాయచూరు బస్సెక్కి, ఇల్లు చేరేదాకా నా నోటిని నేనే తిట్టుకుంటూ వచ్చాను.

ఆ వారమే మేడం వచ్చింది. దాచడం నా వల్ల కాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఎన్ని ఫారాలు తప్పు?"

"అన్నీ మేడం."

ఒక ఫారం తీసి తిరగేసింది. తర్వాత, "నీకు చిన్నప్పుడు పెట్టారా?" అంది.

"నన్ను చూస్తే తెలియడం లేదా మేడం?"

ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది, దేనికి చోటివ్వాలో తెలియక ఫ్యాను కట్టేసింది. "మరి నీకెందుకు తట్టలేదు?" అని అరిచింది.

"ఎందుకంటే అది పెట్టడం కాదు మేడం."

అందరినీ మళ్ళీ అడిగాం. ఈసారి పేరు పెట్టి అడిగాం. వస రాశారా? "రాయకుంటె ఎట్ల?" తేనె? "పుట్టంగనే." ఆముదం? "అయ్యో, అది గూడ రాసుకుంటరామ్మా?" బంగారం అరగదీసి రాసినవాళ్ళు, గుడి తీర్థం పోసినవాళ్ళు, మక్కా నుంచి వచ్చిన జంజం నీళ్ళు పోసినవాళ్ళు, మూడూ పోసి ఏ దేవుడికీ కోపం రాకుండా చూసుకున్నవాళ్ళు కూడా తేలారు. మేడం కొత్త ఫారంలో ఇవన్నీ చేర్చి పక్కన "ఎన్ని మిల్లీలీటర్లు?" అని ఒక గడి పెట్టింది. దేవుడి తీర్థానికి మిల్లీలీటర్లు! మస్కి నుంచి వచ్చే ఒక తల్లి తన చిటికెన వేలు నా మొహం ముందు పెట్టి, "గింత" అంది. అందరూ అదే చూపించారు. చివరికి ఆ గడిలో "వేలి కొస" అని రాయడానికి మేడం ఒప్పుకుంది. పద్నాలుగో ప్రశ్న పోయి ఒక పేజీ అయింది. బంగారు తల్లులనే మాట మాత్రం మళ్ళీ వినపడలేదు.

మిగతా తల్లుల్లో చాలామంది చెప్తే మానేశారు, కొందరు మానేశామన్నారు. సిరవార అవ్వ మాత్రం మానలేదు. నేను వెళ్ళినప్పుడల్లా నీళ్ళు పోయడం అయ్యే వేళకే సానరాయి తీసేది, కోడలు చూస్తుండగా, పక్కింటివాళ్ళు చూస్తుండగా, నా కళ్ళల్లోకి చూస్తూ మరీ గరగరా అరగదీసేది. "తప్పిన పొల్లా, చూస్తున్నవా? మా దుకాణం వసనే" అనేది. పాప నోట్లో వేలు పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేను పెద్దవాళ్ళను గౌరవించే ఇంట్లోనే పుట్టాను, అయినా ఆ ముసలమ్మ చెయ్యి ఒక నెల రోజులు పట్టేస్తే బాగుండు దేవుడా అని మొక్కుకున్నాను. ఫారంలో ప్రతిసారీ రాశాను: వస, ప్రతిరోజూ, వేలి కొస. అమ్మాయి డాక్టరు వద్దన్నాడని ఒకసారి ధైర్యం చేసి అన్నదట. "డాక్టర్లు అంటనే ఉంటరు, నువ్వు పోయి అన్నం తిను" అందట అవ్వ.

ఆరు వారాల పరీక్షలో పాపకు వైరస్ లేదని వచ్చింది. అమ్మాయికి చెప్పి, వెంటనే "ఇది ఆఖరుది కాదు" అని కూడా చెప్పాల్సి వచ్చింది. పాలు తాగినంతకాలం భయం ఉంటుంది. ఐదో నెలలో తల్లీబిడ్డా రాయచూరు అత్తవారింటికి వచ్చేశారు. ఆరు నెలలకు లేదు, ఏడాదికి లేదు. ప్రతిసారీ రక్తం చుక్కలు కాగితం మీద ఆరబెట్టి పంపడం, జవాబు వచ్చేదాకా ఆ పిల్ల నాకు ఫోను చేసి ఏమీ మాట్లాడకుండా పెట్టేయడం. ఏడాది దాటాక పాలు మాన్పించింది. ఇక మిగిలింది ఏడాదిన్నర పరీక్ష. దాని తర్వాత మరి పరీక్షలుండవు. అదేది చెప్తే అదే.

ఆ రోజు ముగ్గురూ వచ్చారు. భర్త గేటు దగ్గర మోటారు సైకిల్ మీద కూర్చుండిపోయాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు. అమ్మాయి పాపను ఎత్తుకుని వచ్చింది. వాళ్ళ వెనకాల సిరవార అవ్వ! గబగబా ఫారాలు బీరువాలోకి తోశాను.

"కండ్లు చూపించుకుందామని వచ్చిన" అంది అవ్వ. కళ్ళ డాక్టరు ఉండేది ఆ చివర భవనంలో. ఈమె మా గది బయట బెంచీ మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వేంది తప్పిన పొల్లా, ఈడ?" అని అడిగింది. ఉద్యోగం దొరికిందన్నాను. "టెంత్ తప్పినోళ్ళకు గూడ ఇస్తున్నరన్న మాట" అని, కళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం కదల్లేదు.

పాపకు ఇంకా మాటలు రాలేదు. ఊఁ అనడం, వేలితో చూపించడం, అంతే. వేలి కొసన సూదితో పొడిస్తే ఏడ్చింది గానీ అమ్మా అని కూడా అనలేదు. ఇంత వస పోసి ఏం లాభమని నాకు మనసులో ఉక్రోషం వచ్చింది. రక్తం చుక్క పట్టీ మీద వేసి, అది చూపించేదాకా ఆగాలి. ఆ కొద్దిసేపూ అమ్మాయి గోడమీది టీకాల పటమే చూసింది. మొదటిరోజు చూసిన పటమే. నేనే చూడాలి, కానీ నా కళ్ళు పట్టీ మీద నిలబడలేదు. వస, ప్రతిరోజూ, వేలి కొస. నేను రాసిన ఆ మాటలే కళ్ళల్లో మెదిలాయి.

ఒక్క గీతే వచ్చింది. పరీక్ష సరిగా జరిగిందని చెప్పే గీత. రెండోది రాలేదు.

"లేదు" అన్నాను. "దీనికి లేదు. ఇక ఎప్పటికీ పరీక్ష అక్కర్లేదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. "మళ్ళ చూడక్కా" అంది. మళ్ళీ చూశాను. ఆమె కూడా వంగి చూసింది. తర్వాత పాపను నా చేతుల్లో పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు వైపు, మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

పాపను ఎత్తుకుని బయటికొచ్చి బెంచీ మీద అవ్వ పక్కన కూర్చున్నాను. నా మొహం నా అదుపులో లేదని నాకే తెలుస్తోంది. తల్లికి తప్ప ఎవరికీ చెప్పకూడదన్నది మా నియమం. తలుపు మీదే అతికించి ఉంది, మూడు భాషల్లో. నేను పళ్ళు బిగించి నేలకేసి చూస్తున్నాను.

అవ్వ గేటు దగ్గర ఆ ఇద్దరినీ చూసింది. నన్ను చూసింది.

"చెప్పకు" అంది. "నీకు చెప్పే రూలు లేదు, నాకెరుకే."

నేను ఉలిక్కిపడ్డాను. అవ్వ గొంతు తగ్గించింది.

"కాన్పుకు వచ్చిన వారానికే ఎరుకైంది. బియ్యం డబ్బాల చెయ్యి పెడితె గోలీలు తగిలినయ్. మా పెద్దోని గోలీలు గూడ నేను గా డబ్బాలనే దాచేదాన్ని. ఈడికి ఆలస్యంగ వచ్చినం, దక్కలే. ఊరందరికి కామెర్లని చెప్పిన. ఆని తమ్మునికి గూడ గదే చెప్పిన. ఇయ్యాల్టి దాక ఎవ్వరికి తెల్వది."

దండ వేసిన ఫొటో నా కళ్ళముందు కదిలింది. పొద్దున్నే లేచి బలం మందు పోశావా అని ఆమె కేకలేయడం కూడా. తల్లి ఒక్కరోజు మందు తప్పలేదని నేను ఫారంలో మెచ్చుకుని రాశాను.

"తెలిసి మరి వస ఎందుకు పెట్టావవ్వా?" అన్నాను. నా గొంతులో కోపమే ఉంది.

"వసతోటి తంటా అని నాకేం ఎరుక? నువ్వు కల్తీ అన్నవ్, అనుకుంట ఏడిస్తివి. కల్తీకి ఎవరన్న ఏడుస్తరానే? గప్పుడు తెలిసింది. ఆ వేలు మల్ల దాని నోట్లె పెట్టలే."

"రోజూ పెట్టావు కదా! నా కళ్ళారా చూశాను!"

"ఉత్త వేలు" అంది అవ్వ. "అరగదీసేది, కొంగుకు తుడిచేది, ఉత్త వేలు పెట్టేది. ఆపితె కోడలు అడగదా, ఎందుకాపినవని? పక్కింటోళ్ళు అడగరా? అందుకే అందరు చూసేటట్ల గట్టిగ రుద్దిన. నువ్వు గూడ నమ్మినవ్ చూడు, తప్పిన పొల్లవి."

ఏ ఇంట్లో నేను వసను కనిపెట్టి మొత్తం పరిశోధనను తలకిందులు చేశానో, ఆ మర్నాటి నుంచి వస పడని ఇల్లు అదే. ఆ ఇంటి ఫారాల్లో ప్రతి దానిలో నేను నా చేత్తో తప్పు రాశాను. మేడంకు ఇది కూడా చెప్పాలి. కళ్ళజోడు మళ్ళీ తీస్తుంది.

అవ్వ పాప కాలి వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తోంది. తలెత్తకుండానే అంది:

"కానీ ముందు పది దినాలు నిజంగనే పెట్టిన. నా చేతులతోటే పెట్టిన. ఆ పది దినాలకు ఏడాదిన్నర సంది నాకు నిద్ర లేదే."

ఆ చేతులతోనే పాప కాలి వేళ్ళను మళ్ళీ మొదటి నుంచి పట్టుకుని చూసింది. నేను దేవుడికి మొక్కుకున్న మొక్కు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. లేదవ్వా, దీనికేమీ లేదు అని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. తలుపు మీద మూడు భాషల్లో అతికించిన కాగితం కనపడుతోంది. జీవితంలో మొదటిసారి నా నోరు నేను మూసుకున్నాను.

అవ్వే అడిగింది. "అది అడుగుతలేను. వేరేది అడుగుతున్న. ఈ పొల్లకు మాటలొస్తలేవు. ఇప్పుడు వస పెట్టొచ్చునా?"

వస పెట్టొచ్చా, పెట్టకూడదా అని చెప్పడం నా ఉద్యోగమే. ఫారంలో దానికి ఒక పేజీ కూడా ఉంది.

"పెట్టవ్వా" అన్నాను. "రేపటి నుంచి పెట్టు. నీ ఇష్టం వచ్చినంత పెట్టు."

అవ్వ నా మొహంలోకి చూసింది. ఆ మాట తనకు అందినట్టు తల ఊపింది, ఒకసారి, రెండుసార్లు. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు అదిరేలా ఏడ్చింది. పాప ఆ కొంగు పట్టుకుని లాగి ఊఁ, ఊఁ అంది. అవ్వ ముక్కు తుడుచుకుని, పాపను నా చేతుల్లోంచి తీసుకుని లేచి నిలబడింది.

"పెడ్త" అంది. "నీకు పెట్టినంత మాత్రం పెట్టనే."